చంద్రుని ప్రభావ మెంతవఱకు?



అమరసింహుఁడు తన కోశమునందుఁ జంద్రునకు 20 పేళ్లు చెప్పినాఁడు. మావంటివారు అర్థము తెలియకముందే వానిని వల్లించినవారము. అర్థము తెలిసిన పిదపఁ జూడఁగా ఆ పేళ్లలోఁ గొన్ని వట్టి వర్ణనలు గావు. 'అబ్జుఁడు' అనఁగా నీటఁ బుట్టినవాఁడు. 'ఓషధీశుఁడు' అనఁగా మొక్కలకుఁ బ్రభువు. 'కుముదబాంధవుఁడు' అనఁగా కలువలకుఁ జుట్టము. 'నిశాపతి' యనఁగా రాత్రికి ఱేఁడు. వీనికిఁ దోడు విరాట్పురుషుని మనస్సునుండి చంద్రుఁడు పుట్టెనని పురుషసూక్తము చెప్పుచున్నది. అనఁగా నీటిమీఁదను, మొక్కలమీఁదను, రాత్రిమీఁదను, తుదకు మన మనస్సుమీఁదను మన పూర్వులు చంద్రునకుఁ బెత్తన మిచ్చిరి. ఆ పెత్తనము ఎక్కడ నెంత నిజమో నేఁడు కొంత విచారింతము. నేను జ్యౌతిషికుఁడను గాను, ఖగోళశాస్త్రజ్ఞుఁడను గాను. ముప్పదియేండ్లు పిల్లలకుఁ దెలుఁగు చెప్పి విశ్రాంతి గైకొన్న బడిపంతులను. కావున మాటతోనే మొదలుపెట్టుదును.

మన తెలుఁగున 'నెల' యను మాట కిద్ద ఱర్థము లున్నట్లే యున్నది. ఆకాశమందలి చంద్రుఁడును నెలయే. ఇంచుమించు ముప్పది దినముల కాలమును నెలయే. నెలవంక, వెన్నెల యను మాటలలో మొదటి యర్థము నేఁటికిని నిలిచి యున్నది. ఒక యమావాస్యనుండి మఱియొక యమావాస్యకు సగటున ఇరువదితొమ్మిదిన్నర దినములు. అట్టివి పండ్రెండయినచో 354 దినములు. సూర్యుని సంవత్సరమునకు 11 దినములు తక్కువ. ఆ తక్కువను బూడ్చుటకే పందొమ్మిదేండ్లలో ఏడధికమాసములు వచ్చుచున్నవి. రంజాను పండుగకు నెలవంక కొఱకుఁ గాచుకొనియుండు మన మహమ్మదీయ సోదరు లట్టి పూడ్పు చేయరు గనుక వారి పండుగలు ఋతువు లన్నిటను దిరిగివచ్చును. జీతమును, వడ్డియు, బాలింత పథ్యమును నెలలెక్కనే నడచుచున్నవి. గడియారమును గోడపంచాంగమును లేని దినములలో నిరక్షరాస్యుఁడు సైతము తలయెత్తి చదువుకొనఁగల పంచాంగ మాకాశమున నదియొక్కటియే. మానవునకుఁ జంద్రుఁడు చేసిన తొలియుపకార మిది. ఇందు వివాదము లేదు.

ఇఁక నీటిమాట.

విశాఖపట్టణమునఁ గాని కాకినాడయొద్దఁ గాని సముద్రపు టొడ్డున నివసించువారు ఆటుపోటుల నెఱుఁగుదురు. ఒక పోటునకును దాని తరువాతి పోటునకును నడుమ 12 గంటల 25 నిమిషములు పట్టును. అందువలన నేఁడు వచ్చిన పోటు రేపు ఇంచుమించు 50 నిమిషములు, అనఁగా రెండు ఘడియలకుఁ గొంచెము మించి యాలస్యముగ వచ్చును. చంద్రోదయమును సగటున దినమునకు అంతే యాలస్యమగును. ఈ పొత్తు జాలరుల కన్ని దేశములలోను దెలియును. అయినను దీని కారణము పండితులకుఁ జాలకాలము చిక్కలేదు. గలిలియో యంతటివాఁడు 1632లోఁ బ్రకటించిన గ్రంథమున, పోటునకుఁ జంద్రుఁడు కారణమనుట పసిమాటయని కొట్టివేసెను. 1687లో న్యూటను గ్రంథము వెలువడిన పిమ్మటఁ గాని విషయము తేటపడలేదు.

చంద్రుఁడు భూమిని ఆకర్షించును. కాని భూమి చిన్న బంతి కాదు. దాని యడ్డుకొలఁత 12,700 కిలోమీటర్లకుఁ బైమాట. చంద్రునివైపున్న నీటిపై ఆకర్షణ ఎక్కువ, నడిభూమిపై దానికంటెఁ దక్కువ, ఆవలివైపు నీటిపై మఱియుఁ దక్కువ. ఈ హెచ్చుతగ్గుల వలన సముద్రము రెండువైపులను ఉబ్బును. కావుననే దినమునకు రెండు పోటులు. సూర్యుఁడు మిక్కిలి పెద్దవాఁడే కాని మిక్కిలి దూరమున నున్నవాఁడు. అతని వంతు చంద్రుని వంతులో సగమునకును దక్కువ. అమావాస్యా పూర్ణిమలయందు ఇరువురును ఒకే వరుసను లాగుదురు గనుక పోటు పెద్దది. అష్టములయందు ఒకరి కడ్డముగ నొకరు లాగుదురు గనుక చిన్నది. విశాఖ తీరమునఁ బెద్దపోటు దినములలో నీటి హెచ్చుతగ్గు ఇంచుమించు ఒకటిన్నర మీటరు. ఘూర్జరదేశపు ఖంభాతు సింధుశాఖలో నది పదిమీటర్లను మించును. చంద్రుఁ డొక్కఁడే, తీరపు రూపమును బట్టి ఫలము వేఱు.

ఈ యొకటిన్నర మీటరు మన తీరవాసుల కెట్టిదో తెలియుటకు మూఁడు తుపానులను జెప్పెదను. 1864 నవంబరు 1వ తేది రాత్రి మచిలీపట్టణముపై సముద్రము విఱుచుకొనిపడి ఇంచుమించు ముప్పదివేల మందిని బలిగొనెను. ఆ దినము అమావాస్య కడచిన రెండవనాఁడు; పెద్దపోటుల కాలము. 1970 నవంబరు 12 రాత్రి, నేఁడు బంగ్లాదేశ మనఁబడు తీరమునఁ దుపాను పొంగు సరిగాఁ బోటుతోఁ గూడివచ్చెను, మఱునాఁడు పూర్ణిమ. మూఁడులక్షలకుఁ దక్కువగాక జనము నశించిరి. ఇవి రెండును విన్నవారు 'చూచితిరా, పర్వదినముల మహిమ' యని తల యూఁపుదురు. కాని మూఁడవది వినుఁడు. 1977 నవంబరు 19, దివిసీమ యుప్పెన. ఆనాఁడు కార్తిక శుద్ధ నవమి. నెలలో పోటు మిక్కిలి చిన్నదిగ నుండు దినములలో నది యొకటి. అయినను ఇంచుమించు ఐదు మీటర్ల యెత్తున నీరు వచ్చి పదివేలకుఁ బైగాఁ బ్రాణములు గొనిపోయెను. ఉప్పెన నెత్తునది గాలి. చంద్రుఁడు దానికి మీటరో, అరమీటరో కలుపఁగలఁడు, తీయఁగలఁడు. అంతకుమించి యతని చేతిలో లేదు. అమావాస్య కాదు గదా యని తుపాను హెచ్చరికను పెడచెవిని బెట్టి యింటఁ గూర్చున్నవాఁడు నవమినాఁడును మునుఁగును. ఈ మాట తీరగ్రామములలో వినుచున్నవారు మనసునఁ బెట్టుకొందురు గాక.

ఇక్కడ నొక ప్రశ్న తప్పక వచ్చును. 'మానవశరీరమున సగమునకుఁ బైగా నీరే గదా! సముద్రమును ఉప్పొంగించు చంద్రుఁడు మన నెత్తురును ఉప్పొంగింపఁడా?' అని. చదువుకొన్నవారు సైతము దీనిని గొప్ప యుక్తిగాఁ జెప్పుట విన్నాను. పైఁ జెప్పిన హెచ్చుతగ్గు వేలకొలఁది కిలోమీటర్ల వెడల్పున్నచోఁ గాని కానరాదు. పాకాల చెఱువులో నీరున్నది, నాగార్జునసాగరములో నీరున్నది. పూర్ణిమనాఁడు గట్టుపై నిలిచి చూచిన యెవరికైనఁ బోటు కనఁబడినదా? పెరటి బావిలోఁ గనఁబడినదా? మనుష్యుని నిలువు రెండు గజములు. లెక్కచూచినవారు తేల్చినదేమనఁగా, నడినెత్తిమీఁదఁ జంద్రుఁ డున్నపుడు 60 కిలోగ్రాముల మనుష్యుని బరువు ఏడు మిల్లీగ్రాములకుఁ గొంచెము లోపుగాఁ దగ్గును. అది బియ్యపుగింజలో ఇంచుమించు మూఁడవవంతు. నొసటఁ బట్టిన చెమటబొట్టు తుడిచికొన్నచో నంతకంటె నెక్కువ తగ్గుదుము.

మొక్కలపై ప్రభుత్వ మెట్టిది? నిండు పున్నమివెన్నెల సూర్యకాంతిలో నాలుగులక్షలవ వంతు. ఆ వెలుఁగునఁ బైరు అన్నము వండుకొనఁజాలదు. ఇఁకఁ గలువ. నా జీవిత మంతయు 'చంద్రుని జూచి కలువ విచ్చును' అని పద్యములకు అర్థము చెప్పి గడపినాను గాని, తెల్లకలువ అమావాస్యరాత్రియును విచ్చును! దానికిఁ గావలసినది ప్రొద్దుక్రుంకుట, చంద్రుఁడు కాదు. కవులను దప్పుపట్టుట కిది చెప్పలేదు. కవిసమయము కవిసమయమే, దానిని వ్యవసాయమునకును వైద్యమునకును ఈడ్చుకొనిపోవుటయే యపాయము.

అయితే ప్రాణికోటిలోఁ జంద్రుని లెక్కచొప్పున బ్రదుకునవి లేకపోలేదు. ఆస్ట్రేలియా దేశపు పగడపు దిబ్బలు వేలకొలఁది కిలోమీటర్లు వ్యాపించినవి. అచ్చటి పగడపుఁబురుగులు కదలలేవు, ఒండొంటిని జేరలేవు. వాని సంతాన మెట్లు? నవంబరు ప్రాంతమునఁ బూర్ణిమ కడచిన కొన్ని రాత్రులకు, ప్రొద్దుక్రుంకిన పిదప, ఆ పురుగు లన్నియుఁ గూడఁబలుకుకొన్నట్లు ఒక్కపెట్టున బీజములను నీటిలోనికి విడుచును. 1980కి తరువాతి మొదటి సంవత్సరములలో నక్కడి విద్వాంసులు దీనిని కనిపెట్టిరి. ఎవరి బీజములు వారు తోఁచినపుడు విడిచినచో అవి సముద్రమునఁ గలిసిపోయి వ్యర్థమగును. అందఱకును ఒకేసారి కనఁబడు గడియారము కావలెను, అది చంద్రుఁడు. మన గోదావరిలో పులస యని మన మింత మక్కువఁ జూపు చేఁపనే వంగదేశీయులు ఇలిశ యందురు. బంగ్లాదేశ ప్రభుత్వమువారు అది గ్రుడ్లు పెట్టు కాలమున దాని వేఁటను 22 దినములు నిషేధించుచున్నారు. ఆ దినములను ఆశ్వయుజపూర్ణిమను బట్టి నిర్ణయించుచున్నారు. పులసకు అంత వెలపెట్టు మనవారు ఈ విషయ మాలోచింపఁదగును.

రాత్రిమాటకు వత్తము. 'నిశాపతి' యను పేరు నాకుఁ జూడఁగా అన్నిటికంటె నిజమైన పేరు. విద్యుద్దీపములు రాకముందు పల్లెలలోఁ గుప్పనూర్పిళ్లు వెన్నెలలోనే, పెండ్లివారి బండ్లు గట్టుట వెన్నెలలోనే, హరికథయు వెన్నెలలోనే. గమనింపుఁడు: పూర్ణిమకు ముందు దినములలోఁ బ్రొద్దుక్రుంకునప్పటికే చంద్రుఁ డాకాశమున నుండును, తరువాతి దినములలో చీఁకటిపడిన కొంతసేపటికిఁ గాని రాఁడు. పనికి వచ్చునది ముందువెన్నెల. 2021లోఁ బ్రకటింపఁబడిన యొక పరిశోధనలో, దక్షిణామెరికాలోని అర్జెంటీనా దేశపు ఆదివాసుల నిదురను చేతికిఁ గట్టిన యంత్రములతోఁ గొలిచిరి. విద్యుత్తు లేని పల్లెలవారు, ఉన్న పల్లెలవారు, వీరుగాక అమెరికా సంయుక్తరాష్ట్రములలోని యొక మహానగరపు విద్యార్థులును అందుఁ జేరిరి. పూర్ణిమకు మూఁడు మొదలైదు రాత్రుల ముందు వారు ఆలస్యముగ నిదురించి తక్కువగ నిదురించుచున్నట్లు తేలినది. నగరవాసులకుఁ గూడ నిట్లేల యగుచున్నదను చర్చ వేఱు. పల్లెవారి విషయమున మాత్రము మన తాతల యనుభవమే యది.

వెన్నెల లేనపు డేమగునో టాంజానియా దేశపు సింహములు చెప్పుచున్నవి. 1988 మొదలు 2009 వఱకు నచ్చట సింహముల వాతఁ బడిన ఇంచుమించు 500 మంది వృత్తాంతములను గూర్చి లెక్కించిరి. పూర్ణిమ వెళ్లిన మఱునాఁటినుండియే దాడులు హెచ్చినవి. వెన్నెలరాత్రులలో లేళ్లు పసిగట్టి తప్పించుకొనుటచే సింహము ఆఁకలిమీఁద నుండును. పూర్ణిమ పోఁగానే సందెవేళ చంద్రుఁడు లేని చీఁకటి గంట యొకటి ఏర్పడును. అప్పుడు మనుష్యు లింకను బొలములలోఁ దిరుగుచుందురు. పూర్ణిమ యనిన భయ మెందుకు పుట్టినదో దీనివలనఁ గొంత యూహింపవచ్చును. చంపినది చంద్రుఁడు కాదు. చంద్రుఁడు లేని గంట.

ఇఁక మనస్సు. ఇదియే కష్టమైన భాగము. చంద్రుని వలనఁ బిచ్చి యెత్తునను నమ్మిక మనది మాత్రమే కాదు. లాటిను భాషలోఁ జంద్రునకు 'లూనా' యని పేరు. దానినుండియే ఆంగ్లమున నున్మత్తునకుఁ బేరు గలిగెను. మన దేశమున 1912లోఁ జేసిన చట్టమునకు 'ఇండియన్ లూనసీ ఆక్టు' అని పేరు పెట్టిరి. 1987లో వేఱు చట్టము చేయువఱకు మనస్సు చెదరినవాని పత్రములపై శాసనమే చంద్రుని ముద్ర వేయుచుండెను. ఇందలి నిజమెంతయని పలువురు పరిశోధించిరి. 1985లో ఇద్దఱు విద్వాంసులు అంతవఱకు వచ్చిన 37 పరిశోధనలను ఒక్కచోఁ జేర్చి చూచి, చంద్రుని కళలకును బిచ్చికిని, నేరములకును లెక్కింపఁదగిన సంబంధము లేదని తేల్చిరి. ప్రసవములు పూర్ణిమకు హెచ్చునను మాటయు నంతే. అమెరికాలో ఇంచుమించు ఏడు కోట్ల జననములను తిథులతోఁ బోల్చి చూచి, 2001లో అట్టి హెచ్చు లేదని ప్రకటించిరి.

లెక్కలు దూరదేశములవి. నేనెఱిఁగిన దొకటి చెప్పెదను. 1988లో నేను పనిచేయుచుండిన పాఠశాలలో ఎనిమిదవ తరగతి బాలుఁ డొకనికి మూర్ఛరోగ ముండెను. తరగతిలోనే రెండుమూఁడు మాఱులు పడిపోయెను. వాని తల్లితో వైద్యునియొద్దకుఁ గొనిపొమ్మని చెప్పఁగా, ఆమె, "పంతులుగారూ, ఇది రోగం కాదండీ, అమావాస్య గాలి. ఆ రోజులు దాటితే పిల్లవాడు బాగానే ఉంటాడు" అనెను. ప్రతి యమావాస్యకును మంత్రగాఁడు వచ్చుచుండెను; కోడియు, పైకమును గొనిపోవుచుండెను. దానికై యప్పులును జేసిరి. మందు మాత్రము ఒక చుక్కయైన వాని నోటఁ బడలేదు.

ఆమెతో వాదింపలేదు. ఉదయముననే నల్లబల్లపై తేదితోఁబాటు తిథి వ్రాయుట నా యలవాటు. వానికి మూర్ఛ వచ్చినపుడెల్ల నింటఁ గాని బడిలోఁ గాని నాకుఁ దెలుపుమని తండ్రితోఁ జెప్పి, ఆ తిథులను ఒక కాగితముపై వ్రాయుచుంటిని. ఒక సంవత్సరము గడచినది. 14 మాఱులు వచ్చినది. అందు అమావాస్యకుఁ గాని పూర్ణిమకుఁ గాని ముందొక దినము, వెనుక నొక దినము కలుపుకొని చూచిన వచ్చినవి మూఁడు. నెలకుఁ దిథులు ముప్పది. అందీ రెండు పర్వములును, వాని ముందువెనుకలును గలసి యాఱు. అనఁగా నైదవవంతు. పదునాలుగింట నైదవవంతు ఇంచుమించు మూఁడే గదా! చంద్రునితో నేమియుఁ బనిలేకున్నను మూఁడు వచ్చియే యుండును. అమావాస్యనాఁడు వచ్చిన మూర్ఛను ఇల్లంతయు జ్ఞాపక ముంచుకొనును. తదియనాఁడు వచ్చినదానిని మఱచును. ఇంతకంటె నిందు మాయ లేదు.

ఆ తండ్రి కంకెలు చదువ వచ్చును. కాగితమును జాలసేపు చూచి, "మిగిలిన పదకొండూ ఎవరి ఖాతాలో వేద్దామండీ?" అని యడిగెను. మఱు వారమే పిల్లవానిని జిల్లాకేంద్రపు ఆసుపత్రికిఁ గొనిపోయెను. మందు దినమును దప్పక వాడిరి. తొలి నెలలలో మూర్ఛ వచ్చుచునే యుండెను, పిదప నరుదయ్యెను. పిల్లవాఁడు పదవతరగతి గట్టెక్కెను. తల్లి మాత్రము అమావాస్యనాఁడు దీపము పెట్టుట మానలేదు, నేనును మానుమనలేదు. మందు మానకుండుటయే నేను గోరినది.

మన ప్రాచీనవైద్యులును ఈ రోగమును జంద్రునిపై వేయలేదు. పక్షమునకో, పండ్రెండు దినములకో, మాసమునకో ఇది తిరుగఁబెట్టుననియు, దేహమందలి దోషములు చెదరుట దీనికిఁ గారణమనియు వ్రాసిరి. గ్రహణమును అంతే. భూమినీడ చంద్రునిఁ గప్పుటయే చంద్రగ్రహణమని ఆర్యభటుఁడు 499 ప్రాంతముననే వ్రాసిపెట్టెను. ఆ నీడకు వెఱచి నేఁటికిని గర్భిణికి గంటలకొలఁది మంచినీరు సైతము ఇయ్యని యిండ్లున్నవి. నీడ కడుపులోని శిశువును జేరదు. తల్లి దప్పి చేరును.

మఱియొక్క ప్రభావము చెప్పి విరమించెదను. ఇది యెవరి యనుభవమునకును రానిది, అన్నిటికంటెఁ బెద్దది. పోటునీరు సముద్రగర్భమున రాచుకొనుట వలన భూమి తిరుగుడు మెల్లమెల్లగఁ దగ్గుచున్నది. దినము మెల్లమెల్లగఁ బెరుగుచున్నది. 1963లో జాన్ వెల్సు అను విద్వాంసుఁడు 38 కోట్ల సంవత్సరములకుఁ బూర్వపు పగడపు రాళ్లపై దినదినమును బడిన సన్నని గీఁతలను లెక్కించెను. ఏఁడాది పెరుగుదలలో 365 గాక ఇంచుమించు 400 గీఁతలు కనఁబడినవి. ఆనాఁడు దినమునకు 22 గంటలే యన్నమాట. పగడము చంద్రుని లెక్కను రాతిపై వ్రాసిపెట్టుకొన్నది! అంతియగాక, భూమి యిరుసు ఇరువదిమూఁడున్నర భాగముల వాలునందు ఇంచుమించు స్థిరముగ నిలుచుటకు చంద్రుని పట్టే ముఖ్యకారణమని గణితజ్ఞులు 1993లోఁ జూపిరి. ఆ వాలే మన ఋతువులకు మూలము. ఓషధీశుఁ డను పేరునకు వెన్నెలలో దొరకని సార్థకత నా కిక్కడ దొరకినది.

భూమి తిరుగుడు తగ్గిన కొలఁది చంద్రుఁడు దూరమగుచున్నాఁడు. 1969లో మనుష్యులు చంద్రునిపై దిగినపుడు అచ్చట నుంచి వచ్చిన యద్దములపైకి ఇక్కడినుండి వెలుఁగును బంపి, అది తిరిగివచ్చు కాలమును గొలిచి దూరము కనుఁగొనుచున్నారు. ఏఁటికి 3.8 సెంటీమీటర్లు తొలఁగుచున్నాఁడు. ఆ లెక్కను బట్టి, నేను మాటలాడిన యీ పావుగంటలో మిల్లీమీటరులో వేయవవంతు దూరము జరిగినాఁడు.